చల్లపల్లి ఇంట్లో పిలవని పీత

2022లో వర్షాలు మొదలైన కొత్తలో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో అక్వేరియం శుభ్రం చేస్తుండగా నాకు ఆ ఫోను వచ్చింది. మోచేతుల దాకా ఉప్పునీళ్లలో ఉన్నాను. మోగి ఆగిపోయింది, మళ్లీ మోగింది, ఆగి మళ్లీ మోగింది. అలా విడవకుండా చేసేది చల్లపల్లి కోటేశ్వరమ్మ గారొక్కరే. చెయ్యి చున్నీకి తుడుచుకుని ఎత్తాను.

"పద్మా, నువ్వు మాట తప్పావమ్మాయ్," అన్నారావిడ. పలకరింపు లేదు, పాడూ లేదు.

"ఏమైందండీ?"

"పీత. నీ ట్యాంకులో పీత ఉంది. నా కళ్లతో చూశా. ఇంతుంది."

ఎంతుందో ఫోనులో కనపడదు కదా అని చిరాకేసింది. కానీ ఆ ఇంట్లో పీత అంటే మామూలు విషయం కాదు.

ముందు నా పని గురించి చెప్పాలి. ఇళ్లల్లో, ఆఫీసుల్లో రీఫ్ ట్యాంకులు పెట్టి వాటి బాగోగులు చూడటం నా వృత్తి. రీఫ్ ట్యాంకంటే రంగుచేపలు తిరిగే మామూలు గాజుతొట్టె కాదు. సముద్రం అడుగున పగడాల మధ్య సాగే బతుకుని కొంచెం తెచ్చి ఇంట్లో పెంచడం అన్నమాట. దానికి ఆధారంగా లైవ్ రాక్ పెడతాం. సముద్రపు నీళ్లలో చాలాకాలం నానబెట్టి, మేలు చేసే బాక్టీరియా పట్టించిన రాళ్లవి. మన తీరంలో పగడపు రాళ్లు తీయడం నేరం కాబట్టి విదేశాల్లో ఇందుకోసమే తయారుచేసినవి తెప్పిస్తాం. ఆ రాళ్ల బొరియల్లో ఏ పురుగో, నత్తో, పీతో దాక్కుని టికెట్టు లేకుండా వచ్చేస్తుంది. వాటిని హిచ్‌హైకర్లు అంటారు. నెలల తరబడి కనపడవు. ఒకరోజు ఒక నత్తగుల్ల ఖాళీగా దొరుకుతుంది. ఇక ఆ ఇంట్లో ఎవరికీ మనసు మనసులో ఉండదు.

ఈ పనికి నిదానం కావాలి. సరిగ్గా అదే నా దగ్గర లేదు. ట్యాంకులో ఏదైనా తేడా వస్తే ఊరికే కూర్చుని గమనించండి అని కస్టమర్లకి చెబుతాను గానీ, నేను మాత్రం ఆ గదిలో ఈ గోడకీ ఆ గోడకీ తిరుగుతూనే ఉంటాను. మా ఆయన దీన్ని చూసే నవ్వుతాడు.

కోటేశ్వరమ్మ గారు రొయ్యల రైతు. భర్త పోయాక దివిసీమ వైపున్న చెరువులన్నీ ఆవిడే చూసుకుంటున్నారు. కొడుకు మేతల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతుంటాడు. కోడలు లావణ్యది పెడన, నేతపని చేసే కుటుంబం. పెళ్లిరోజుకి ఏం కావాలని భర్త అడిగితే, "చీరలు మా ఇంట్లోనే నేస్తారు, నాకు ఆ పళ్ల డాక్టరు గారి దగ్గరున్న ట్యాంకు లాంటిది కావాలి," అందట. అలా నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను. రంగులంటే ఆ పిల్లకి ప్రాణం. ఒక కోరల్, అంటే పగడం, రంగు కాస్త వెలిసినా నాకు తెలియకముందే ఫొటో తీసి పంపించేది. అంత పెద్ద ఇంట్లో ఇది నాది అని తను చెప్పుకునే వస్తువు అదొక్కటే అనిపించేది నాకు.

కోటేశ్వరమ్మ గారు ట్యాంకుకి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. "చేపలు పెట్టుకోండి, రాళ్లు పెట్టుకోండి. పది కాళ్లది మాత్రం నా గడప తొక్కకూడదు." అంటే రొయ్య, పీత. రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ జబ్బు సంగతి డెల్టాలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. వచ్చిందంటే చెరువు నాలుగు రోజుల్లో ఖాళీ. పీతలు ఆ వైరస్‌ని ఒంట్లో మోసుకుంటూ తాము మాత్రం నిక్షేపంగా తిరుగుతాయి. అందుకే రైతులు చెరువుల చుట్టూ మోకాలెత్తు ప్లాస్టిక్ పట్టా కడతారు, పీత పాకి లోపలికి రాకుండా. ఆవిడ భర్త ఉన్న రోజుల్లో వరసగా రెండు పంటలు అలాగే పోయాయి. ఆ మనిషి తర్వాత కోలుకోలేదని లావణ్యే నాకు చెప్పింది.

మామూలుగా రీఫ్ ట్యాంకులో నాచు తినడానికి చిన్న పీతల్నీ, చేపల్ని శుభ్రం చేయడానికి రొయ్యల్నీ వదులుతాం. ఆ ఇంట్లో ఒక్కటీ వదల్లేదు, నత్తలతోనే సరిపెట్టాను. మేత కూడా ఎండు గుళికలే. ఉప్పు కూడా పొడి రూపంలో డబ్బాలో వచ్చేదే. అంత జాగ్రత్తగా ఉంటే, ఇప్పుడు ఆ రాళ్లలోంచి పీత దిగింది.

డాక్టరు గారి ట్యాంకు సగంలో వదిలేసి బయల్దేరాను. కంకిపాడు దాటేసరికి వాన. వైపర్లు ఆడుతున్నాయి గానీ నా ఆలోచనలు అంతకంటే ఎక్కువ ఆడుతున్నాయి. అది ఏ రకం పీత? ఎన్నాళ్లుగా ఉంది? కనపడకుండా ఎలా తప్పించుకుంది? ఉయ్యూరు దగ్గర లావణ్యకి ఫోను చేస్తే ఎత్తలేదు. ఎప్పుడూ ఒక్క రింగుకే ఎత్తే పిల్ల.

నేను వెళ్లేసరికి వరండాలో సున్నం బస్తా దింపి ఉంది. రొయ్యల చెరువుకి జబ్బు తగిలితే నీళ్లు తీసేసి, ఎండగట్టి, సున్నం కొడతారు. ఆవిడకి తెలిసిన వైద్యం అదే.

"ఎండగట్టేద్దాం," అన్నారు కోటేశ్వరమ్మ గారు. "చెరువులో పంట సగానికొచ్చింది. ఈ ట్యాంకులో చెయ్యి పెట్టినోళ్లే చెరువు మీదకొత్తన్నారు. నేను ఊరుకోలేను."

"ఎండగడితే కోరల్స్, చేపలు అన్నీ పోతాయండీ."

"పోతే పోనీ. నా చెరువు పోతే ఎవరిత్తారు?"

లావణ్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేను బతిమాలాను. ముందు దాన్ని పట్టుకుందాం, ఏ రకమో చూద్దాం, దానికి అసలు జబ్బుందో లేదో పరీక్ష చేయిద్దాం అన్నాను. పరీక్ష అన్న మాట ఆవిడకి పట్టింది. రొయ్యపిల్లని చెరువులో వదిలేముందు రైతులు పీసీఆర్ చేయిస్తారు. వైరస్ ఉందో లేదో చెప్పే ల్యాబ్ పరీక్ష అది. బందరులో పొద్దున ఇస్తే సాయంత్రానికి చెప్పేస్తారు.

"సరే. దాంట్లో ఉందని వచ్చిందా, ఇంక నన్ను అడ్డుకోవద్దు."

"అడ్డుకోనండీ," అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. కానీ మాట బయటికి వచ్చేసింది.

పీతని పట్టడం నేననుకున్నంత తేలిక కాలేదు. లైట్లు ఆపేసి, కర్టెన్లు వేసి, ఎర్ర టార్చి పట్టుకుని చూశాను. ఎర్ర వెలుగు వాటికి పెద్దగా కనపడదని అలా చేస్తాం. ఏమీ లేదు. నా దగ్గరున్న ఉచ్చు ఒక రాయి పక్కన పెట్టాను. అందులోకి ఒక నత్త వెళ్లి కూర్చుంది. పైన వాన తగ్గడం లేదు, కరెంటు పోయి వస్తోంది, జనరేటర్ గుర్రుమంటోంది. నేను కాలుకాలిన పిల్లిలా హాల్లో తిరుగుతున్నాను.

"కూర్చో అమ్మాయ్, నాకు కళ్లు తిరుగుతున్నాయ్," అని కోటేశ్వరమ్మ గారు లేచి వంటింట్లోకి వెళ్లారు. వస్తూ టీ వడపోసే జల్లెడ తెచ్చారు. దానికి దారం కట్టి, లోపల చిన్న చేపముక్క పెట్టారు. చూడగానే అర్థమైంది. చెరువుల్లో చెక్ ట్రే అని ఉంటుంది. మేత వేసిన వల పళ్లేన్ని తాడుతో నీళ్లలోకి దించి, కాసేపటికి పైకి లాగి, రొయ్యలు ఎంత తిన్నాయి, ఎలా ఉన్నాయి అని చూస్తారు. ఆవిడ రోజూ చేసే పని అది. నా ఉచ్చు కంటే అదే నయమనిపించింది, అన్నాను కూడా.

"నీ మెప్పు తర్వాత," అని జల్లెడ మెల్లగా దించారు. చాలాసేపు చూశాం. ఏదీ రాలేదు. ఇంతలో చెరువు మీద నుంచి ఫోనొచ్చింది. దారం చివర లావణ్యకి అందిస్తూ, "ఇది పట్టుకో," అన్నారు.

లావణ్య కదల్లేదు.

"పట్టుకోవే."

తప్పక పట్టుకుంది. తను అద్దం దగ్గరికి వచ్చి నిలబడిందో లేదో, కుడివైపు రాయి కింద నుంచి ఒక కాలు బయటికి వచ్చింది. తర్వాత ఇంకోటి. తర్వాత మొత్తం పీత. మేమంతా చూస్తుండగానే, ఎవరికీ భయపడకుండా, తిన్నగా జల్లెడలోకి ఎక్కి కూర్చుంది. అన్నానికి పిలిస్తే వచ్చిన చుట్టంలా ఉంది దాని వాలకం.

ఫోను చెవి దగ్గరే ఉంది గానీ కోటేశ్వరమ్మ గారు అవతలివాళ్ల మాట వినడం లేదు. కోడలి వైపు చూస్తున్నారు. నేను జల్లెడ పైకి తీసి పీతని డబ్బాలో వేశాను. ఏదో ఒక పని చేస్తూ ఉంటే ఆ చూపుల మధ్య నిలబడనక్కర్లేదు కదా.

"ఎన్నాళ్లయింది?" అన్నారావిడ.

"రెండు నెలలు, అత్తయ్యా."

"ఏం పెడుతున్నావ్ దానికి?"

"చేపల మేతే," అంది లావణ్య. ఆ అనడంలో గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న వైనం ఉంది. కానీ ఆ క్షణంలో నేను దాన్ని పట్టించుకోలేదు. పీత మీదే ఉంది నా ధ్యాస.

పీత మంచిదో చెడ్డదో చెప్పాలంటే మేం ముందు చూసేది గోళ్ల కొసలు. చెంచాలా గుండ్రంగా ఉంటే నాచు గీక్కుని తినే రకం, ఉంచుకోవచ్చు. మొనదేలి, నల్లగా ఉంటే వేటాడే రకం. దీనివి నల్లగా మొనదేలి ఉన్నాయి, ఒళ్లంతా నూగు. గొరిల్లా క్రాబ్ అంటారు. ఇది నత్తల్ని, కోరల్స్‌ని, వీలైతే నిద్రపోయే చేపని కూడా వదలదు. కానీ ఆ ట్యాంకులో ఒక్క చేప కూడా పోలేదు, ఒక్క కోరల్ చిరగలేదు. కారణం నాకు అప్పుడే తెలిసింది, లావణ్య దాని కడుపు నింపుతోంది. కడుపు నిండిన దొంగ కన్నం వేయడు.

పరీక్షకి దాన్ని చంపక్కర్లేదు. ఒక కాలు చాలు. పట్టకారుతో కాలు గట్టిగా పట్టుకుంటే పీతే దాన్ని తెంచుకుని పారిపోతుంది, మళ్లీ కుబుసం విడిచినప్పుడు కొత్తకాలు మొలుస్తుంది. తెలిసిన విషయమే అయినా రెండుసార్లు పట్టి వదిలేశాను, మూడోసారికి తెగింది. లావణ్య మొహం పక్కకి తిప్పుకుంది. "మొలుత్తదిలే," అన్నారు కోటేశ్వరమ్మ గారు. ఎవరిని ఓదార్చడానికి అన్నారో తెలియదు. పీతని ఆ డబ్బాలోనే గాలి గొట్టం పెట్టి ఉంచాం.

ఆ రాత్రికి అక్కడే పడుకోమన్నారు, పడుకున్నాను. పొద్దున్నే ఆ కాలు చిన్న సీసాలో బందరు వెళ్లింది. రిపోర్టు వచ్చేదాకా నేను ఆ ఇల్లు వదిలి వెళ్లలేకపోయాను. విజయవాడలో పనులు ఆగిపోయాయి. ట్యాంకు అద్దం మళ్లీ మళ్లీ తుడిచాను. లావణ్య వంట చేసింది, ఎవరం సరిగా తినలేదు. కోటేశ్వరమ్మ గారు చెరువు మీదకి వెళ్లలేదు, ఈ ఇంటి గాలి కూడా అక్కడికి తీసుకెళ్లకూడదని.

సాయంత్రం ఫోను మోగింది. ఆవిడ స్పీకరు పెట్టారు. ల్యాబ్ అబ్బాయి, "పాజిటివ్ అండీ," అన్నాడు.

ఆవిడ లేచి, వరండాలోకి వెళ్లి, సున్నం బస్తా మూతి కట్టు విప్పసాగారు. అడ్డుకోనని మాటిచ్చాను. అయినా ఉండబట్టలేక వెనకాలే వెళ్లాను.

"ఒక్క మాట వినండి. ఆ రాయి ఎన్నో నెలలు నా దగ్గర వేరే తొట్టెలో ఉండి వచ్చింది. ఉప్పు పొడిది. మేత ఎండుది. ఈ ట్యాంకులోకి పది కాళ్లది ఒక్కటీ నేను వేయలేదు. మరి దీనికి జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందండీ? రొయ్య అనేదే ఇందులోకి రాలేదే!"

"వచ్చింది."

వెనక్కి తిరిగి చూశాం. లావణ్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు కొంగులో చుట్టుకుని ఉన్నాయి.

"వచ్చింది, అత్తయ్యా. నేను అబద్ధం చెప్పాను. చేపల మేత అది తినేది కాదు. ఫ్రిజ్‌లో రొయ్యలుంటాయి కదా, వాటిలోంచి రోజూ చిన్న ముక్క పెట్టాను. మన చెరువువే."

ఇక్కడ పాఠకులకి ఒక మాట. చెరువులో రొయ్య ఎంత ఎదిగిందో చూడటానికి వారం వారం విసురువల వేసి కొన్నిటిని పడతారు. తూకం, లెక్క అయ్యాక ఆ గుప్పెడు రొయ్యలు కూరకి ఇంటికొస్తాయి. ఫ్రిజ్‌లో ఉన్నవి అవి. అంటే ఇప్పుడు చెరువులో ఉన్న పంటలోవి. గడ్డకట్టించినా ఆ వైరస్ చావదు. మనుషులకి దానివల్ల ఏమీ కాదు కాబట్టి ఇంట్లో అందరూ కూర వండుకుని తింటూనే ఉన్నారు.

లావణ్య ఆ మాట చెప్పకపోయినా గడిచిపోయేది. పీత మీద నేరం ఉండేది, నా మీద మాట ఉండేది, తను మంచి కోడలిగానే ఉండేది. చెప్పింది. ఆ పిల్ల ధైర్యానికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

కోటేశ్వరమ్మ గారు కోడల్ని తిట్టలేదు. సున్నం చేతుల్తోనే లోపలికి నడిచి, ఫ్రిజ్ తలుపు తీసి, గడ్డకట్టిన రొయ్యల పొట్లం బయటికి తీశారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ పొట్లం ట్యాంకు దగ్గరికి ఎప్పుడూ వెళ్లలేదు. అది చెరువు నుంచి నేరుగా వచ్చి అక్కడ కూర్చుంది. జబ్బు అందులోనూ ఉంటే, అది పీత తెచ్చింది కాదు.

"చెరువులో మేత బాగానే తింటన్నాయ్," అన్నారు, తనలో తాను. "జబ్బు రొయ్య గట్టుకొత్తది, ఒక్కటీ రాలేదు. ఎలా తెలుత్తది?" తర్వాత గొంతు పెంచి, చెరువు మీదున్న మనిషికి ఫోను చేసి, రెండు చెరువుల్లోనూ వల వేసి శాంపిలు తీయమన్నారు.

పొట్లంలోంచి ఒక రొయ్య, చెరువుల శాంపిళ్లు బందరు వెళ్లాయి. పొట్లంలో వైరస్ ఉంది. పెద్ద చెరువులో ఉంది, ఇంకా తక్కువ మోతాదులోనే. చిన్న చెరువులో లేదు. తక్కువగా ఉన్నప్పుడే రొయ్యల్ని పట్టేసి అమ్మితే పంట దక్కుతుంది. వాన నీళ్లు పడి చెరువు చల్లబడి, జబ్బు ముదిరిందా, మిగిలేది దుర్వాసనే. మర్నాడు తెల్లవారుతూనే పెద్ద చెరువు పట్టుబడి పెట్టారు, అంటే రొయ్యలన్నీ పట్టించేశారు. రొయ్య చిన్నదే, అయినా బతికున్న రొయ్య, అమ్ముడుపోయింది. నీళ్లు కాలవలోకి వదలకుండా బ్లీచింగ్ కలిపి నిలవ ఉంచారు. పక్క రైతులకి ఆవిడే స్వయంగా ఫోన్లు చేసి, "నా చెరువులో ఉంది, మీవి చూపించుకోండి," అని చెప్పారు. ఆ మాట పైకి చెప్పుకోవడానికి చాలామంది ఇష్టపడరు. ఆ వర్షాల్లో అటువైపు కొన్ని చెరువులు పోయాయని తర్వాత విన్నాను. ఆవిడ చిన్న చెరువు చివరిదాకా నిలిచింది.

వారం తర్వాత నేను మూత ఉన్న బక్కెట్టు పట్టుకుని చల్లపల్లి వెళ్లాను. పీతని తీసుకెళ్లి వదిలించుకుందామని. వదిలించుకోవడమంటే ఏమిటో లావణ్యకీ తెలుసు, అందుకే నా బక్కెట్టు వైపు చూడలేదు. జబ్బున్న జీవిని వేరే ఎవరి ట్యాంకులోనూ పెట్టను, సముద్రంలోనూ వదలను. ఇక మిగిలేది చంపడమే.

కోటేశ్వరమ్మ గారు హాల్లో కూర్చుని ఉన్నారు. "బక్కెట్టు దేనికి?" అన్నారు.

"పీతకండీ. పది కాళ్లది ఉండకూడదన్నారు కదా."

"అన్నాను." ట్యాంకు వైపు తిరిగారు. "అది మనింటికి ఎలా వచ్చిందో నాకు తెలీదు. జబ్బు మాత్రం మన రొయ్యే అంటించింది. మనం తినేది పెట్టి, మన రోగం అంటించి, ఇప్పుడు దాన్నే దొంగని చేసి గెంటమంటావా?"

బక్కెట్టు కింద పెట్టాను.

"చెరువు మీదకొచ్చే వాళ్లెవరూ దీంట్లో చెయ్యి పెట్టకూడదు. దీని బక్కెట్లు దీనికే, తీసిన నీళ్లకి బ్లీచింగ్ కలపకుండా బయట పొయ్యకూడదు. ఆ జాగ్రత్త నీది." తర్వాత కోడలి వైపు తిరిగి, "నువ్వు ఏం పెడతావో నాతో చెప్పి పెట్టు. చెప్తే నేను వద్దంటానని భయపడ్డావ్. వద్దనే అనేదాన్ని. అయినా చెప్పు," అన్నారు.

పీతని ట్యాంకు కింద అలమరాలో ఉండే చిన్న తొట్టెలోకి మార్చాను. నీళ్లు వడగట్టడానికి పెట్టే ఆ తొట్టెని సంప్ అంటాం. అక్కడ చేపలుండవు, కోరల్స్ ఉండవు, దానివల్ల ఎవరికీ భయం లేదు. తెగిన కాలు ఆ తర్వాత కుబుసంలో మొలిచిందని లావణ్య ఫొటో పంపింది. పాత కాళ్ల కంటే కాస్త పొట్టిగా, లేత రంగులో ఉంది.

ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ట్యాంకులో ఏదో పురుగు కనపడింది, ఏదో పాకుతోంది, త్వరగా రండి, తీసెయ్యండి అని. అందరూ అడిగేది ఒకటే, అది మా ఇంటికి ఏం మోసుకొచ్చింది అని. నేను కూడా ఏళ్ల తరబడి అదే వెతికాను. ఇప్పుడు గుమ్మంలో చెప్పులు విప్పకముందే అడుగుతాను, ఇన్నాళ్లూ మీరు దానికి ఏం పెట్టారండీ అని. చాలా ఇళ్లల్లో ఆ ప్రశ్నకి ముందు ఎవరూ మాట్లాడరు. నాకు ఎంత తొందరగా ఉన్నా, ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి చెప్పేదాకా నిలబడి ఉంటాను.